ల్యాప్‌టాప్‌లో బాగున్న పెళ్ళి వీడియో టీవీలో ఎందుకు పాడవుతోంది? స్కోప్‌లు చదివే పద్ధతి

తమ్ముడూ, చదివేవాళ్ళ కోసం ముందు నీ ప్రశ్నను కుదించి రాస్తాను. బరంపురంలో నీ స్టూడియో. పగలు గోపాల్‌పూర్ బీచ్‌లో ప్రీవెడ్డింగ్ తీశావు, రాత్రి కల్యాణ మండపంలో పెళ్ళి తీశావు. మధ్యలో కొన్ని ముక్కలు పెళ్ళివారి ఐఫోన్‌లో తీసినవి. అన్నీ ప్రీమియర్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కలిపి ఎడిట్ చేశావు. ల్యాప్‌టాప్‌లో చూస్తే బాగుంది. పెన్‌డ్రైవ్‌లో వేసి పెళ్ళివారింటి టీవీలో పెడితే ముఖాలు నారింజ రంగుకు తిరిగాయి, పెళ్ళికూతురి ఎర్రపట్టు చీర ముద్దయింది, జుట్టూ నల్లకోటూ ఒకే నలుపులో కలిసిపోయాయి. వీడియోలోని వెలుగునూ రంగునూ కొలిచి గీతలుగా చూపే లుమెట్రీ స్కోప్స్ అందులో తెరిచావు కానీ ఆ గీతలు ఏం చెబుతున్నాయో తెలియలేదు. మంచి మానిటర్ కొనాలా అని అడిగావు.

మానిటర్ సంగతి చివర్లో చెబుతాను. నీకు జరిగినదానికి ఎక్కువగా ఉండే కారణం ఇది. మామూలు ధరలో వచ్చే ల్యాప్‌టాప్ తెరల్లో చాలావాటికి రంగుల విస్తీర్ణం తక్కువ. కొనేటప్పుడు వివరాల్లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (రంగుల విస్తీర్ణాన్ని పోల్చే ఒక ప్రమాణం) అని రాసి ఉంటుంది చూడు, అవే. అలాంటి తెరమీద ఎరుపు ఎర్రగా కనిపించదు, పాలిపోయి కనిపిస్తుంది. నువ్వు అది చూసి సాచురేషన్, అంటే రంగు గాఢత, పెంచుతావు. నలుపు కూడా ఆ తెరమీద బూడిదగానే ఉంటుంది కాబట్టి కాంట్రాస్ట్ కోసం షాడోస్ కిందికి లాగుతావు. తెర చేసిన తప్పుకు నువ్వు వేసిన విరుగుడు ఫైల్‌లో మిగిలిపోతుంది. టీవీకి ఆ తప్పు లేదు. అందుకని నువ్వు వేసిన విరుగుడంతా నారింజ ముఖాలుగా, నల్లముద్దగా బయటపడుతుంది. దీనికితోడు విండోస్‌లో నైట్ లైట్ ఆన్ అయి ఉంటే రాత్రిపూట చేసిన ఎడిట్ ఇంకా తప్పుతుంది. దాన్ని ఇప్పుడే ఆపెయ్యి.

స్కోప్ నీ తెరను చూడదు. టైమ్‌లైన్ నుంచి వచ్చే సంఖ్యలను చూస్తుంది. తెర పాలిపోయినా, గదిలో ట్యూబ్‌లైటు వెలుగుతున్నా, కంటికి అలసట వచ్చినా దాని లెక్క మారదు. పదినిమిషాలు పసుపు వెలుతురు చూస్తే కన్ను దాన్నే తెలుపు అనుకోవడం మొదలుపెడుతుంది. స్కోప్‌కు ఆ అలవాటు లేదు. కానీ స్కోప్‌కు ముఖమేదో గోడేదో తెలియదు, అది నువ్వే చెప్పుకోవాలి. స్కోప్ చదవడం అంటే గీతలో ఏ భాగం బొమ్మలో ఏ వస్తువో గుర్తుపట్టడమే. అది వచ్చాక మిగతావన్నీ సులువు.

ముందు సెట్టింగులు సరిచెయ్యి, లేకపోతే స్కోప్ కూడా అబద్ధం చెబుతుంది. విండో మెనూలో లుమెట్రీ స్కోప్స్ తెరువు. ప్యానెల్ మీద రైట్ క్లిక్ చేసి వేవ్‌ఫామ్, పరేడ్, వెక్టర్‌స్కోప్ వైయూవీ మాత్రం ఉంచు. హిస్టోగ్రామ్ తీసెయ్యి. ఏ వెలుగులో ఎన్ని పిక్సెళ్ళు ఉన్నాయో అది చెబుతుంది కానీ ఎక్కడున్నాయో చెప్పదు, పెళ్ళి వీడియోకు దానితో పెద్ద పని లేదు. వేవ్‌ఫామ్ టైప్‌లో మొదట లూమా, అంటే రంగు వదిలి వెలుగును మాత్రం చూపేది, ఎంచుకో. ప్యానెల్ కింద క్లాంప్ సిగ్నల్ అని ఒక టిక్ ఉంటుంది. అది తీసెయ్యాలి. అది ఉంటే 100 పైన, 0 కింద ఉన్న సిగ్నల్‌ను స్కోప్ కత్తిరించి చూపిస్తుంది, అసలు రోగం దాగిపోతుంది. ప్రోగ్రామ్ మానిటర్‌లో పాజ్డ్ రిజల్యూషన్ ఫుల్‌లో పెట్టు. పావు రిజల్యూషన్‌లో జరీ మెరుపుల్లాంటి సన్నటి శిఖరాలు సగటులో కలిసిపోయి స్కోప్‌లో పొట్టిగా కనిపిస్తాయి.

ఇక వేవ్‌ఫామ్. అడ్డంగా చూస్తే అది నీ బొమ్మే. బొమ్మలో ఎడమ అంచున ఉన్నది గీతలోనూ ఎడమ అంచునే ఉంటుంది, కుడివైపుది కుడివైపే. నిలువుగా మాత్రం బొమ్మలో పైన ఉందా కింద ఉందా అన్నది లెక్కలోకి రాదు. ఎంత వెలుగుంటే అంత పైకి వెళుతుంది. 0 అంటే నలుపు, 100 అంటే తెలుపు. ఈ కొలతను ఐఆర్‌ఈ అంటారు. కుడిపక్క కనిపించే 0 నుంచి 255 అంకెలు 8 బిట్ లెక్క. పాత పాఠాల్లో నలుపు 7.5 దగ్గర ఉండాలని రాసి ఉంటుంది, దాన్ని వదిలెయ్యి. అది అమెరికా అనలాగ్ టీవీ పద్ధతి. మన దగ్గర ఎప్పుడూ పాల్ పద్ధతే ఉండేది కాబట్టి అప్పట్లోనూ మనకు అది వర్తించలేదు, ఇప్పుడు డిజిటల్‌లో అసలే లేదు. నలుపు అంటే 0.

గోపాల్‌పూర్ షాటు ఒకటి తీసుకుని చదువుదాం. జంట ఫ్రేము మధ్యలో, వెనుక సముద్రం, పైన ఆకాశం, కింద ఇసుక. వేవ్‌ఫామ్‌లో ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా పైన ఒక దట్టమైన పట్టీ కనిపిస్తుంది, అది ఆకాశం. దాని కింద 50, 60 మధ్య ఇంకో పట్టీ సాగితే అది ఇసుక. అలల నురగ సన్నటి పోగుల్లా పైకి లేస్తుంది. మధ్యలో కిందికి వేలాడే గుబురు ఆ జంట. దాంట్లో అట్టడుగున ఉన్నది జుట్టు, దానికి కొంచెం పైన ముఖాలు. సముద్రంవైపు తిరిగి తీసిన షాటు అయితే ముఖాలు 25, 30 దగ్గర పడిపోయి ఉంటాయి. ఏది ఏదో తెలియకపోతే ముఖం మీద చిన్న మాస్క్ (దిద్దుబాటు ఆ భాగానికే పడేలా గీసే హద్దు) గీసి ఎక్స్‌పోజర్ అటూఇటూ తిప్పి చూడు. గీతలో ఏ భాగం కదిలితే అదే ముఖం. రెండు రోజులు ఇలా చేస్తే మాస్క్ లేకుండానే కనిపెట్టగలవు.

ఎక్కడ ఏ అంకె ఉండాలి? ఇవి పని నడిపించే అంకెలు. శాసనాలు కావు. జుట్టులో నీడలు 2 నుంచి 8 మధ్య. నల్లకోటు 5 నుంచి 12. కోటు, జుట్టు రెండూ 0 గీతమీద చదునుగా పడుకుని ఉంటే ఆ రెండూ టీవీలో కలిసిపోతాయి, నీకు జరిగింది అదే. చామనఛాయ ముఖం వెలుగుపడ్డ పక్క 45 నుంచి 60, తెల్లటి ముఖం 60 నుంచి 70, నల్లటి ముఖం 35 నుంచి 50. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. నల్లగా ఉన్న మనిషి ముఖాన్ని 70కి లేపకు. చర్మంమీది మెరుపంతా పోయి బూడిద రాసినట్టు అవుతుంది. ఆ మనిషి తన ముఖం తాను గుర్తుపట్టేలా ఉండాలి. తెల్లపంచె, తెల్లచొక్కా 80 నుంచి 92. నుదుటిమీది మెరుపు, జరీ, దీపం ఒత్తి 100 తాకినా పర్వాలేదు.

తెలుపు 100 దగ్గర ఆగిందా, ఆపబడిందా అన్నది వేరు. పైన గీత మెత్తగా పలచబడి ముగిస్తే అది ఆగడం. బల్లమీద గీసినట్టు సన్నగా, గట్టిగా ఒకే మట్టంలో అడ్డంగా ఉంటే అక్కడ కెమెరాలోనే బర్న్ అయింది, అంటే వివరమంతా పోయి తెల్లబడింది. దాన్ని కిందికి లాగితే ఆ గట్టి గీత అలాగే 85కి దిగుతుంది, ఆకాశం తెల్లకాగితానికి బదులు బూడిద కాగితం అవుతుంది, అంతే. మేఘం తిరిగి రాదు. అయితే తొందరపడి బర్న్ అని తేల్చెయ్యకు. క్లాంప్ తీసేశాక గీత 109 దాకా వెళుతుంటే అదృష్టమే. టీవీ సిగ్నల్‌లో 16 నలుపు, 235 తెలుపు. కొన్ని కెమెరాల పిక్చర్ ప్రొఫైళ్ళు 235 దాటి 255 దాకా కూడా రికార్డు చేస్తాయి, అదే స్కోప్‌లో 109. ఆ మేఘం ఫైల్‌లో ఉంది, తెరమీద లేదు. లుమెట్రీలో హైలైట్స్, వైట్స్ తగ్గిస్తే దిగివస్తుంది. అందుకే స్కోప్ తెరిచిన వెంటనే క్లాంప్ తియ్యమన్నాను.

ముఖం లేపడానికి ఎక్స్‌పోజర్ స్లైడర్ వాడితే ఆకాశం కూడా లేచి పైన కొట్టుకుంటుంది. కర్వ్‌లో మధ్యభాగాన్ని మాత్రం లేపు, లేదా ముఖానికి మాస్క్ వేసి లేపు. 25 ఉన్నదాన్ని 45కి తెస్తే నాయిస్ (ఇసుక చల్లినట్టు చుక్కలు) బయటపడుతుంది, 8 బిట్ ఫైల్ అయితే ఆకాశంలో మెట్లు కూడా పడతాయి. కాబట్టి 38, 40 దగ్గర ఆపడం మేలు. ఈ బాధ మళ్ళీ పడకుండా వచ్చే షూటుకు కెమెరాలో జీబ్రా వాడు. జీబ్రా అంటే కెమెరాలో ఉన్న చిన్న స్కోపే. 100కి పెడితే ఆకాశం ఎక్కడ కాలుతోందో చారలు చూపిస్తాయి. గోపాల్‌పూర్‌లో సముద్రం తూర్పున ఉంది. ఉదయం ఎండలో జంటను సముద్రం వైపు ముఖం పెట్టి నిలబెడితే ముఖాలకే వెలుగు తగులుతుంది, ఈ గొడవలో సగం అక్కడే తీరుతుంది.

పరేడ్‌లో అదే వేవ్‌ఫామ్ మూడు ముక్కలుగా పక్కపక్కన ఉంటుంది: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. రంగు లేని వస్తువు, అంటే తెలుపైనా బూడిదైనా నలుపైనా, మూడింట్లోనూ ఒకే ఎత్తులో ఉండాలి. వైట్ బ్యాలెన్స్ చెయ్యడం అంటే ఇదే. మన పెళ్ళిళ్ళలో ఇందుకు మధుపర్కాలు బాగా పనికొస్తాయి, కానీ అంచుకు పసుపు రాసి ఉంటుంది కాబట్టి మధ్యలో తెల్లగా ఉన్న బట్టను చూడాలి. ఒడియావాళ్ళ పెళ్ళి అయితే సోలాతో (తెల్లటి బెండు) చేసిన ముకుటం ఉంటుంది, దానిమీద తళుకులు లేని చోటు తీసుకో. క్లిప్‌కు క్రాప్ ఎఫెక్ట్ వేసి ఆ బట్ట ముక్క తప్ప మిగతాదంతా కప్పెయ్యి. ఇప్పుడు పరేడ్‌లో ఆ ముక్క ఒక్కటే ఉంటుంది. టెంపరేచర్ (నీలం, పసుపుల మధ్య), టింట్ (ఆకుపచ్చ, మెజెంటాల మధ్య) తిప్పి మూడు ముక్కలను ఒకే మట్టానికి తీసుకొచ్చి, తర్వాత క్రాప్ తీసెయ్యి. క్రాప్ తియ్యడం మరిచి రెండర్ కొట్టకూడదు.

తేడా ఎక్కడుందో చూసి మందు వెయ్యాలి. తెలుపుల్లో ఎరుపు ఎక్కువై నలుపుల్లో మూడూ సమంగా ఉంటే లుమెట్రీ రంగుల చక్రాల్లో హైలైట్ల వీల్ తిప్పాలి. నలుపులు మాత్రమే నీలంగా లేచి ఉంటే షాడోల వీల్. పైనుంచి కిందిదాకా అంతటా తేడా ఉంటే టెంపరేచర్. ఎర్ర పందిరిగుడ్డ కింద పగటి పెళ్ళి జరిగితే ఎండ ఆ గుడ్డలోంచి దిగి అందరి ముఖాలమీదా ఎరుపు పూస్తుంది. పరేడ్‌లో ఎర్రముక్క పైభాగం మాత్రమే ఎత్తుగా ఉంటుంది, అడుగు మామూలుగానే ఉంటుంది. అలాంటిచోట టెంపరేచర్ తిప్పితే జుట్టు నీలంగా మారుతుంది. హైలైట్ల వీల్‌ను సయాన్ వైపు కొద్దిగా జరపాలి. ఒకపక్క కిటికీ వెలుగు, మరోపక్క ఎల్‌ఈడీ లైటు ఉంటే పరేడ్‌లో ప్రతి ముక్కా ఎడమ, కుడి ఎత్తుల్లో తేడా చూపిస్తుంది. దాన్ని ఒకే దిద్దుబాటుతో సరిచెయ్యడం కుదరదు. ముఖాలున్న పక్క సరిచేసి రెండోదాన్ని వదిలెయ్యి.

హోమం దగ్గర మాత్రం మూడు ముక్కలను సమం చెయ్యాలని చూడకు. నిప్పు వెలుగు పసుపు ఎరుపుల్లోనే ఉండాలి. బలవంతంగా సమం చేస్తే హోమం ఆసుపత్రి గదిలో జరిగినట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు నీ ఎర్రచీర. ఇది చాలామంది పడే గోతి, అందుకని కొంచెం నెమ్మదిగా చెబుతాను. లూమా వేవ్‌ఫామ్ మూడు రంగులనూ సమానంగా లెక్కపెట్టదు. హెచ్‌డీ వీడియో రంగుల ప్రమాణమైన రెక్ 709 లెక్కలో వెలుగులో ఎరుపు వాటా 21 శాతం, ఆకుపచ్చది 72 శాతం, నీలానిది 7 శాతం, దాదాపుగా. అంటే శుద్ధమైన ఎరుపు పూర్తిగా నిండిపోయినా లూమా గీతలో 21 దగ్గరే ఉంటుంది. స్టేజీమీద వేసే నీలం లైటు పూర్తిగా కొట్టినా 7 దగ్గర ఉంటుంది. నువ్వు లూమా చూసి ఇంకా చీకటిగా ఉంది అనుకుని లేపుతావు. అదే సమయంలో పరేడ్‌లో ఎర్రముక్క 100 తాకి చదును అయిపోయి ఉంటుంది. ఎర్ర చానెల్‌లో అన్నీ 100 అయ్యాక మడతకూ మడతకూ, నేతకూ నేతకూ తేడా ఏముంది? బరంపురం పట్టు అంచుమీది గుడిగోపురం దంతెలు పోయి ఒక ఎర్రకాగితం మిగులుతుంది. చీర ముద్దయింది అని నువ్వు రాసింది ఇదే.

దీనికి మొత్తం సాచురేషన్ తగ్గిస్తే ముఖాలు పాలిపోతాయి. లుమెట్రీలో కర్వ్స్ కింద హ్యూ వర్సెస్ సాట్ తెరిచి, ఐడ్రాపర్‌తో చీరమీద నొక్కు. మూడు చుక్కలు పడతాయి. మధ్య చుక్కను కిందికి లాగుతూ పరేడ్ చూడు. ఎర్రముక్క పైన ఉన్న చదును విడిపోయి పోగులు కనిపించాలి. 92, 95 దగ్గర ఆపు. చర్మంలోనూ ఎరుపు ఉంటుంది కాబట్టి పక్క చుక్కలను దగ్గరికి జరిపి నారింజవైపు పోకుండా చూసుకో. ఎంత లాగినా చదును విడవకపోతే కెమెరాలోనే ఎరుపు నిండిపోయిందన్నమాట. అప్పుడు పోయిన నేత తిరిగి రాదు, కాస్త తగ్గించి వదిలెయ్యడమే. స్టేజీ నీలం, మెజెంటా లైట్లకూ ఇదే పద్ధతి. ఇలాంటి రంగులున్న చోట్ల వేవ్‌ఫామ్ టైప్‌ను లూమా నుంచి ఆర్‌జీబీకి మార్చుకుంటే మూడు చానెళ్ళూ ఒకేచోట కనిపిస్తాయి.

వెక్టర్‌స్కోప్ గుండ్రంగా ఉంటుంది. దీనికి వెలుగుతో పని లేదు, రంగుతోనే పని. మధ్యచుక్క అంటే రంగు లేదు. ఎంత దూరం పోతే అంత గాఢం. ఏ దిక్కుకు పోతే ఆ రంగు. గడియారంలా చూడు. ఎరుపు 12కి కొంచెం ఎడమన, పసుపు 9 దగ్గర, ఆకుపచ్చ 7 దగ్గర, సయాన్ 6కి కొంచెం కుడిన, నీలం 3 దగ్గర, మెజెంటా 1 దాటాక. ఎరుపుకూ పసుపుకూ మధ్య, 11 గంటల దిక్కున ఒక గీత ఉంటుంది. మనిషి చర్మం దాదాపుగా ఆ గీత వెంటే పడుతుంది. తెల్లవాళ్ళయినా నల్లవాళ్ళయినా దిక్కు మారదు, చర్మం కింది రక్తం, చర్మంలోని మెలనిన్ కలిసి ఇచ్చే రంగు అది. మారేది గాఢత, వెలుగు.

మొత్తం ఫ్రేము పెట్టుకుని ముఖం కోసం వెతక్కు. చీరలు, పూలు, మామిడాకులు అన్నీ కలిసి గందరగోళంగా ఉంటుంది. ఇక్కడా క్రాప్ వేసి చెంపనో నుదుటినో మాత్రం వదులు. కుంకుమ, పెదవులు రాకుండా చూసుకో. కనిపించే చిన్న మబ్బు గీతకు ఎరుపువైపు ఒరిగితే ముఖం జ్వరం వచ్చినట్టు ఉంటుంది. ఆకుపచ్చవైపు ఒరిగితే పాలిపోయిన రోగిలా ఉంటుంది, చవక ఎల్‌ఈడీ లైట్లతో ఎక్కువ జరిగేది ఇదే, టింట్‌ను మెజెంటావైపు జరిపితే సర్దుకుంటుంది. దూరం కూడా చూడు. మధ్యచుక్క నుంచి ఎరుపు దిక్కున గీసి ఉన్న చిన్న పెట్టె ఎంత దూరముందో అందులో మూడోవంతు దగ్గర ముఖం ఆగితే బాగుంటుంది. సగం దాటితే నారింజే. నీ ప్రాజెక్టులో ముఖాలు సగం దాటి ఉంటాయి, చూసుకో.

పెళ్ళికూతుర్ని చేసే రోజు షాట్లకు ఈ గీత వర్తించదు. పసుపు రాసిన ముఖం 10 గంటలవైపు పోతుంది, పోవాలి కూడా. దాన్ని లాక్కొచ్చి 11 గీతమీద కూర్చోబెడితే పసుపు కడిగేసినట్టే. అక్కడ పసుపు రాయని మనిషి చెయ్యి ఏదైనా ఫ్రేములో ఉంటే దాన్ని పట్టుకుని బ్యాలెన్స్ చెయ్యి. పసుపు తనంతట తాను సరైన చోటికి వస్తుంది.

ఐఫోన్ ముక్కలు వేరే జాతి. 2020లో వచ్చిన ఐఫోన్ 12 నుంచి ఆ ఫోన్లు హెచ్‌డీఆర్ వీడియో (మామూలుకన్నా ఎక్కువ వెలుగు తేడాలు పట్టేది) తీస్తాయి, లోపల ఉండేది హెచ్‌ఎల్‌జీ అనే తరహా సిగ్నల్. దాన్ని రెక్ 709 టైమ్‌లైన్‌లో అలాగే పెడితే తెలుపులు 100 దాటి ఎగిరిపోతాయి, రంగులు అరుస్తాయి. అది బర్న్ కాదు. సీక్వెన్స్ సెట్టింగుల్లో రంగులకు సంబంధించిన చోట ఆటో టోన్ మ్యాప్ మీడియా ఆన్ చేస్తే గీత 100 లోపలికి దిగుతుంది. ఆ తర్వాతే మిగతా రంగుల దిద్దుబాటు. ఇకముందు పెళ్ళివారికి ముందే చెప్పి ఫోన్ సెట్టింగుల్లో కెమెరా, రికార్డ్ వీడియో కింద హెచ్‌డీఆర్ వీడియో ఆపించు.

సోనీ కెమెరాల్లోని ఎస్‌లాగ్ 3 అనే పాలిపోయిన ప్రొఫైల్‌లో తీసిన క్లిప్ ఉంటే దాని వేవ్‌ఫామ్ నడుమ నొక్కుకుపోయి ఉంటుంది. అందులో 18 శాతం బూడిద 41 దగ్గర, తెల్లకాగితం 61 దగ్గర ఉండటం సహజం. పైన చెప్పిన అంకెలేవీ మార్చకముందు వర్తించవు. లట్ (లాగ్ బొమ్మను మామూలు రంగులకు మార్చే పట్టిక) వేశాకే స్కోప్ చదవాలి. అయితే బేసిక్ కరెక్షన్‌లోని ఇన్‌పుట్ లట్ స్లైడర్లకన్నా ముందు పనిచేస్తుంది. ఓవర్ అయిన లాగ్ క్లిప్‌ను లట్ కత్తిరించాక ఎక్స్‌పోజర్ తగ్గించి లాభం లేదు. మొదటి లుమెట్రీలో ఎక్స్‌పోజర్ మాత్రం సరిచేసి, దాని కింద రెండో లుమెట్రీలో లట్ వెయ్యి.

రాత్రి దృశ్యాలకు వేరే నియమం. రెండేళ్ళకోసారి వచ్చే మన బరంపురం అమ్మవారి జాతర ఠాకురాణి యాత్ర తీసినా, రాత్రి ఊరేగింపు తీసినా వేవ్‌ఫామ్‌లో ఎక్కువ భాగం 20 లోపలే ఉంటుంది, సీరియల్ బల్బులు అక్కడక్కడా సూదుల్లా 100కి లేస్తాయి. అదే సరైన రాత్రి. బల్బు బర్న్ అయిందని దిగులు పడకు, అడుగుభాగాన్ని 15 నుంచి 40కి లేపితే ఆకాశం బూడిదవుతుంది, నాయిస్ ఈగల్లా ముసురుతుంది. ముఖం మాత్రం మాస్క్‌తో 35 దాకా లేపు చాలు. క్లిప్ ఆడుతుంటే గీత మొత్తం ఊపిరి తీస్తున్నట్టు పైకీ కిందికీ కదిలితే రెండు కారణాలుంటాయి. నెమ్మదిగా కదిలితే ఆటో ఎక్స్‌పోజర్, టపటపా కొట్టుకుంటే లైట్ల ఫ్లికర్. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టర్ 50లో వంతు గానీ 100లో వంతు గానీ పెడితే మామూలు లైట్ల ఫ్లికర్ పోతుంది.

ఇక ఎక్స్‌పోర్ట్ పరీక్ష. అందరూ వదిలేసేది ఇదే, కానీ చెయ్యడానికి ఐదు నిమిషాలు పట్టదు. అయిపోయిన ఎంపీ4ను మళ్ళీ ప్రాజెక్టులోకి తెచ్చి అదే టైమ్‌లైన్‌లో అసలుదాని పైన పెట్టు. పై ట్రాక్‌ను ఆన్ ఆఫ్ చేస్తూ వేవ్‌ఫామ్ చూడు. గీత కదలకపోతే ఫైల్ బాగుంది. నలుపు 0 నుంచి 6కి లేచి తెలుపు 92కి దిగితే, 16 నుంచి 235 లెక్కలో ఉన్నదాన్ని ఎక్కడో 0 నుంచి 255గా చదివారు. నలుపు 0 కిందికి 7 దాకా పోయి తెలుపు 109 అయితే దానికి తిరగేసిన తప్పు. అలాంటి ఫైలే టీవీలో నల్లముద్ద చేస్తుంది.

ఫైల్ బాగుండి కూడా టీవీలో తేడా ఉంటే టీవీని పరీక్షించు. ప్రీమియర్‌లో న్యూ ఐటమ్ కింద హెచ్‌డీ బార్స్ అండ్ టోన్ ఉంది. ఒక నిమిషం క్లిప్ చేసి ఎప్పుడూ పెన్‌డ్రైవ్‌లో ఉంచుకో. టీవీ పిక్చర్ మోడ్‌ను వివిడ్, డైనమిక్ నుంచి సినిమాకో స్టాండర్డ్‌కో మార్చు. బార్స్‌లో కింద నల్లభాగంలో సన్నటి పట్టీలు ఉంటాయి. నలుపుకన్నా కాస్త మెరుగైనది కష్టంమీద కనిపించాలి, నలుపుకన్నా లోతైనది అసలు కనిపించకూడదు. బ్రైట్‌నెస్ తిప్పి అక్కడ ఆపు. పెళ్ళివారి ముందే ఈ పని చేసి తర్వాత వీడియో పెడితే సగం ఫిర్యాదులు రావు.

పెళ్ళివారికి కాక కేబుల్ చానెల్‌కో పెద్ద చానెల్‌కో ఇవ్వాల్సి వస్తే హద్దులు గట్టిగా చూస్తారు. యూరప్ ప్రసార సంస్థల ఆర్103 సూచన ప్రకారం లూమా మైనస్ 1 నుంచి 103 శాతం, ఆర్‌జీబీ మైనస్ 5 నుంచి 105 శాతం లోపల ఉండాలి, చాలాచోట్ల దీన్నే పాటిస్తారు. చేత్తో సరిచేశాక చివర అన్ని క్లిప్పుల పైన పరిచే అడ్జస్ట్‌మెంట్ లేయర్‌మీద, హద్దు దాటినదాన్ని నొక్కే వీడియో లిమిటర్ వెయ్యి. మొదటే వేస్తే అది అన్నిటినీ నొక్కి పారేస్తుంది, నువ్వు ఏం పోగొట్టావో స్కోప్‌లో కనిపించదు. పేర్ల అక్షరాలు శుద్ధమైన ఎరుపులో పెట్టకు. ఈ ఫైళ్ళలో నాలుగు పిక్సెళ్ళకు ఒక్క రంగు విలువే దాస్తారు కాబట్టి ఎర్ర అక్షరాల అంచులు కారిపోతాయి. తెల్ల అక్షరాలు 90 దగ్గర ఉంచితే కంటికి హాయి.

ప్రీమియర్ లేనివాళ్ళకు ఒక మాట. డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లోనూ అన్ని స్కోప్‌లూ ఉన్నాయి, వెక్టర్‌స్కోప్ సెట్టింగుల్లో స్కిన్ టోన్ ఇండికేటర్ ఆన్ చేసుకోవాలి. దాని వేవ్‌ఫామ్ అంకెలు 0 నుంచి 1023 దాకా ఉంటాయి, భయపడక్కర్లేదు, 1023 అంటే మన 100. పాత కంప్యూటర్ అయితే కేడెన్‌లైవ్ ఉచితం, అందులో కూడా వేవ్‌ఫామ్, పరేడ్, వెక్టర్‌స్కోప్ మూడూ ఉన్నాయి.

ఈ ప్రాజెక్టులో ఇప్పుడు చెయ్యాల్సిన వరస: మొత్తానికి వేసిన సాచురేషన్, కాంట్రాస్ట్ తీసెయ్యి. ఐఫోన్ ముక్కలకు టోన్ మ్యాప్. తర్వాత ఒక్కో దృశ్యానికి ఒక్క మంచి ఫ్రేము ఎంచి వేవ్‌ఫామ్‌లో నలుపు తెలుపు, పరేడ్‌లో పంచె, వెక్టర్‌స్కోప్‌లో చెంప. ఆ దృశ్యంలోని మిగతా షాట్లకు అదే అంటించి, ముఖం ఎత్తు మాత్రం ఒకే అంకెకు తెచ్చుకో. చీర చివర్లో. నీ తెర ఇది పాలిపోయింది అంటుంది, ఈసారి దాని మాట వినకు.

మానిటర్ కొనాలా అంటే, ఈ వీడియో కోసం కొనక్కర్లేదు. ఇలా చేసిన నాలుగైదు పెళ్ళిళ్ళ తర్వాత కొను. ఐపీఎస్ తెర, ఎస్ఆర్‌జీబీ 100 శాతం అని రాసి ఉన్నది చాలు, 24 అంగుళాలు సరిపోతుంది. వచ్చిన రోజే వివిడ్ మోడ్ తీసేసి ఎస్ఆర్‌జీబీ మోడ్‌లో పెట్టి, ఇదే టైమ్‌లైన్ అందులో తెరిచి చూడు.